కొలతకు నిలబడ్డ మనిషి

మ్యాజిక్ లాంతరు అన్న మాట విన్నవాళ్లు మనలో ఇంకా కొందరు మిగిలే ఉంటారు. దాన్ని చూసినవాళ్లు మాత్రం అరుదు. అరవై దాటినవాళ్లకు స్లైడంటే సినిమా హాల్లో ఆట మొదలు కాకముందు తెర మీద వేసే గాజు బొమ్మ. సైన్సు చదివినవాళ్లకు కాలేజీ చీకటి గదిలో మేష్టారు చూపించిన ఆకు కోత, కప్ప పేగులు. మా చాంపియన్ రీఫ్స్‌లో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. గని మూతపడ్డాక ఖాళీ అవుతూ వచ్చిన ఇళ్లలోంచి, అటకల మీదనుంచి, ట్రంకు పెట్టెల అడుగునుంచి బయటపడిన చిన్న చిన్న అట్టపెట్టెలు స్లైడ్లంటే. అవి ఇప్పుడు నా దగ్గర పద్నాలుగు ఉన్నాయి. వాటిని చూపించే పాత యంత్రం కూడా ఉంది. ఈ వ్యాసం ఆ రెండింటి గురించి. కాని అసలు కథ ఇంకా వెనక నుంచి మొదలు పెట్టాలి.

దీపం, దాని ముందు బొమ్మ, బొమ్మకు ముందు తెర, తెరకు ఇవతల జనం. ఈ వరస మనవాళ్లకు కొత్తది కాదు. తోలుబొమ్మలాట అంతా అదే. మాకు ఉత్తరాన అనంతపురం సీమలో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈనాటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. వాళ్ల ఇంటి భాష మరాఠీలో ఒక యాస. తెర వెనక పాడేది, మాట్లాడించేది తెలుగు. ఇంటి భాష ఒకటి, అన్నం పెట్టే భాష ఒకటి. ఈ పత్రిక చదివేవాళ్లకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

తోలుబొమ్మలో లేనిది, లాంతరులో ఉన్నది ఒక్కటే, కటకం. తోలుబొమ్మ ఎంత ఉంటే తెర మీద ఇంచుమించు అంతే కనబడుతుంది. కటకం పెడితే అరచేతిలో పట్టే బొమ్మ గోడంత అవుతుంది. 1659లో హాలండు దేశపు క్రిస్టియాన్ హైగెన్స్ ఈ పని చేశాడు. గడియారానికి లోలకం పెట్టిన మనిషీ, శనిగ్రహం చుట్టూ వలయం ఉందని తేల్చిన మనిషీ ఆయనే. అంతటివాడు లాంతరు కోసం గీసుకున్న బొమ్మలేమిటయ్యా అంటే, తన తల తానే తీసి చేత్తో పట్టుకునే ఒక అస్థిపంజరం. పెద్ద పెద్ద వాళ్లకు కూడా గోడ మీద బొమ్మ కనబడగానే పిల్లచేష్టలు వస్తాయి కాబోలు. మన దేశంలో 1892లో కళ్యాణ్‌లో మహాదేవ్ పట్వర్ధన్ అనే ఆయన, ఆయన కొడుకులు గాజు పలకల మీద పురాణాల బొమ్మలు చేత్తో గీసి, 'శాంబరిక ఖరోలిక' అని పేరు పెట్టి ఊరూరా తిప్పారు. ఇక మన తెలుగువారిలో, మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్లి ఫోటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య 1909 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, కదిలే బొమ్మలు పట్టుకుని ఊళ్లు తిరిగాడు. కదలని బొమ్మ వెనకబడింది అక్కడినుంచే.

వెనకబడింది గాని పోలేదు. ఈ శతాబ్దానికి ముందు శతాబ్దంలో, 1920ల్లో, 30ల్లో మ్యాజిక్ లాంతరు ఉపన్యాసం అంటే ఊరి జనం అంతా కదిలేవారు. ప్లేగు, కలరా, మలేరియా దోమ, సహకార సంఘం, ఖద్దరు, క్రీస్తు జీవితం, ఏది చెప్పాలన్నా లాంతరే. చదువు రానివాళ్లకు పుస్తకం పనికిరాదు, మాట ఒక్కటే నిలవదు, బొమ్మ నిలుస్తుంది. ఒక దోమను గున్న ఏనుగంత చేసి చూపిస్తే ఆ రాత్రి ఊళ్లో ఎవరు నిద్రపోతారు?

లాంతరుకు అసలు చిక్కు బొమ్మతో కాదు, వెలుతురుతో. నూనె దీపం చాలదు. సున్నపు ముద్ద మీద ఆక్సిజన్, హైడ్రోజన్ మంటను ఊదితే తెల్లగా మెరిసే లైమ్‌లైటు వచ్చింది. అది ఖర్చూ, ప్రమాదమూ. కార్బన్ కడ్డీలు రెండింటి మధ్య నిప్పు రవ్వను నిలబెట్టే ఆర్కు దీపానికి కరెంటు కావాలి. కరెంటు లేని ఊళ్లలో కార్బైడు రాయి మీద నీటి చుక్కలు పడనిచ్చి, పుట్టిన ఎసిటిలీన్ వాయువును వెలిగించేవారు. లోహపు గనుల్లో పనివాళ్లు టోపీకి పెట్టుకునే దీపమూ ఆ కార్బైడుదే. మా శ్రీనివాసపురం మామిడి మండీల వాసన తెలిసినవాళ్లకు ఆ రాయి కొత్త కాదు. కాయ మాగాలని గంపలో పొట్లం కట్టి పెట్టేది అదే, నిషేధం పెట్టినా పెట్టేది అదే. ఒక్క రాయి, మూడు పనులు.

ఈ విషయంలో మా ఊరు మిగతా ఊళ్లకంటె ముందుంది. 1902 జూన్‌లో శివనసముద్రం దగ్గర కావేరి జలపాతం నుంచి పుట్టిన కరెంటు సుమారు 147 కి.మీ. తీగ మీద నడిచి కోలారు బంగారు గనులకు వచ్చింది. ఆ కాలానికి ప్రపంచంలోనే అంత పొడుగు లైన్లు బహు కొద్ది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో, అంటే మా తర్వాత మూడేళ్లకు. మా వాళ్లు ఇది గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకుంటాను. కాని ఆ కరెంటు వచ్చింది యంత్రాల కోసం, జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారి మిల్లుల కోసం. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం పల్లెలనుంచి వచ్చి వెదురు తడికల ఇళ్లలో కాపురం పెట్టిన కూలీల కోసం కాదు. 

ఆ తడికల ఇళ్లను మా వైపు తట్టి ఇళ్లు అంటారు. అరవం ఎక్కువ, తెలుగు దాని తర్వాత, చుట్టూ కన్నడ రాజ్యం, పైన ఇంగ్లీషు దొర. చాంపియన్ రీఫ్స్, మారికుప్పం, ఊరుగాం, కోరమాండల్, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఈ పేర్లు చూస్తేనే ఎవరెవరు వచ్చిపోయారో తెలుస్తుంది. ఊళ్ల పేర్లలో తెలుగు కనబడదు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో వినబడుతుంది. వి.కోట, కుప్పం సంతల్లో వినబడుతుంది. మా తట్టి ఇళ్లలో వినబడేది. రాతలో తక్కువ.

నేను తెలుగు రాతను గోడంత పెద్దదిగా మొదట చూసింది సినిమా హాల్లో స్లైడు మీదే. సుమారు మూడుంపావు అంగుళాల చదరపు గాజు పలక అది. ఇంగ్లీషు లాంతరు స్లైడు కొలతే మన సినిమా హాళ్లకూ వచ్చింది. రెండు పలకల మధ్య బొమ్మ పెట్టి, అంచులకు నల్ల కాగితం పట్టీ అంటించేవారు. ఊళ్లో దుకాణం ప్రకటన అయితే రంగులు వేయించేవారు. అప్పటికప్పుడు చెప్పాల్సిన మాటైతే గాజుకు మసి పూసి, సూదిమొనతో గీకి రాసేవారు. గీకిన చోట వెలుతురు దూరి అక్షరం మెరుస్తుంది. పొగ త్రాగరాదు. నిశ్శబ్దముగా నుండుడి. విశ్రాంతి. మా హాళ్లలో ఒకే పలక మీద రెండు మూడు లిపులు ఇరికించేవారు. తెలుగు ఉంటే అడుగున ఉండేది. అడుగున ఉన్నా ఉండేది. అక్షరం తప్పు రాసినా, 'త్రాగరాదు'కు క్రావడి ఎగిరిపోయినా, ఆ ఒక్క వరస కోసం మా అమ్మ నన్ను పట్టుకుని పైకి చదివించేది. నాకు చదువు ఎంత వచ్చిందో ఆవిడకు పరీక్ష అక్కడే.

ఇక గాజు పలక నుంచి చిన్న స్లైడుకు వద్దాం. 1936లో కోడక్ కంపెనీ కోడాక్రోమ్ అనే రంగుల ఫిల్మును 35 మిల్లీమీటర్ల కెమెరాకు అందించింది. కడిగిన ఫిల్మును ముక్కలు చేసి, రెండంగుళాల చదరపు అట్ట చట్రంలో బిగిస్తే స్లైడు. లోపలి బొమ్మ 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు. తపాలా బిళ్ల అంతే. 1961లో అదే కంపెనీ గుండ్రటి పళ్లెంలో 80 స్లైడ్లు పేర్చి ఒక్కొక్కటే జారవిడిచే క్యారౌసెల్ యంత్రం తెచ్చింది. అయితే మన దేశంలో రంగుల స్లైడు మామూలు మనిషి వస్తువు ఎన్నడూ కాలేదు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో పుట్టి 1967నుంచి సరుకు తయారు చేసినా, మన ఇళ్లకు చేరింది ముఖ్యంగా నలుపు తెలుపే. రంగుల స్లైడు తీయాలంటే విదేశీ ఫిల్ము, తూర్పు జర్మనీ ఓర్వో అయినా, కావాలి. అంత పెట్టగలిగినవాళ్లు మా ఊళ్లో బంగళాల్లో ఉండేవారు.

అందుకే ఆ పద్నాలుగు పెట్టెల్లో ఉన్నదేమిటో మీరు ఊహించవచ్చు. క్లబ్బు పచ్చిక. క్రిస్మసు చెట్టు. టోపీలు పెట్టుకుని కేజి ముందు నిలబడ్డ అతిథులు. షాఫ్టు మీది ఇనుప చట్రం, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎక్కువ భాగం యంత్రాలు. వైండింగ్ ఇంజన్లు, కంప్రెసర్లు, పంపులు, మిల్లు. ఆ యంత్రాల పక్కన ఒక మనిషి. ఇది కొన్ని పెట్టెలు చూశాక గాని నాకు తట్టలేదు. యంత్రం ఎంత పెద్దదో చూసేవాడికి తెలియాలంటే పక్కన ఒక మనిషిని నిలబెట్టాలి. గజం బద్ద బదులు మనిషి. ఫోటో తీసిన ఆయనకు ఆ పని తెలుసు, అందుకే ప్రతి పెద్ద డ్రమ్ముకూ ఒకణ్ణి పిలిచి నిలబెట్టాడు. చట్రం మీద ఇంగ్లీషులో చక్కని చేతిరాత. డ్రమ్ము అడ్డకొలత అడుగులు, అంగుళాలతో సహా ఉంది. తయారీ కంపెనీ పేరుంది. నిలబడ్డవాడి పేరు లేదు.

ఇది దుర్మార్గం అని నేననను. ఆ పెద్దమనిషికి యంత్రమే ప్రాణం, దాన్ని అంత ప్రేమగా తీశాడు. కాని ఆ మనుషుల రంగుల బొమ్మలు లోకంలో ఇంకెక్కడా లేవు. వాళ్ల ఇళ్లలో ఉన్నది పెళ్లినాటి నలుపు తెలుపు ఒకటి, చనిపోయాక దండ వేయడానికి పెద్దది చేయించినది ఒకటి. చొక్కా రంగు, తలగుడ్డ రంగు, షిఫ్టు దిగిన మొహం మీది బూడిద రంగు ఇక్కడే ఉన్నాయి.

చాంపియన్ రీఫ్స్ గనిలోనే ఇంకో రకం ఫోటోలు కూడా తీశారు. 1951నుంచి బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూటు శాస్త్రజ్ఞులు, హోమీ భాభా పంపగా బి.వి. శ్రీకంఠన్ మొదలైనవారు, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు రాతిలో ఎంత లోతుకు దిగుతాయో కొలవడానికి మా గనుల్లోకి వచ్చారు. 1965లో మన దేశపు, జపాను ఒసాకా, ఇంగ్లండు డర్హాం వారి బృందం హీత్‌కోట్ షాఫ్టు దగ్గర సుమారు 2.3 కి.మీ. లోతులో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను మొట్టమొదట పట్టుకుంది. ఇంచుమించు అదే సమయంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో అమెరికావాళ్లు అదే పని చేశారు. మనవాళ్ల వ్యాసం కొద్ది రోజులు ముందు అచ్చయింది. నియాన్ వాయువు నింపిన గాజు గొట్టాలు వరసలుగా పేర్చి, ఒక కణం వాటిగుండా పోగానే కరెంటు దెబ్బ కొడితే, అది పోయిన దారిలో గొట్టాలు మెరుస్తాయి. ఆ మెరుపును చీకట్లో కాచుకున్న కెమెరా ఫిల్ము మీద పడుతుంది. తలమీద రెండు కిలోమీటర్ల రాయి, దాని కింద ఒక కెమెరా కన్ను తెరుచుకుని కూర్చుంది! ఆ ప్రయోగాలు, తర్వాత వచ్చిన ప్రోటాను ప్రయోగాలు 1990ల మొదట్లో ఆగిపోయాయి. కంటికి కనబడని కణం జాడకు ఇంత పత్రం రాసి దాచారు. కంటి ఎదుట నిలబడ్డ మనిషికి చట్రం మీద ఒక ముక్క చాలేది.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. నూటఇరవై ఏళ్లలో 800 టన్నుల బంగారం తీశారంటారు. మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గనుల్లోకి నీళ్లు చేరాయి. చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా దాంతోపాటే పోయాయి. జనం పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోవడం మొదలుపెట్టారు. ఇవాళ కేజీఎఫ్ అంటే పిల్లలకు 2018లో వచ్చిన సినిమా పేరు. తెలుగులో కూడా బాగా ఆడింది. అందులో కనబడే బూడిదరంగు కొండలు మాత్రం మా సైనైడు దిబ్బలే.

ఆ దిబ్బల దగ్గరకే వస్తున్నాను, ఎందుకంటే నా యంత్రానికి మొదటి శత్రువు అవే.

నాది పాత తరహా ప్రొజెక్టరు. పళ్లేలూ, మీటలూ లేవు. పక్కకు తోసే రెండు గళ్ల చట్రం ఉంది. ఒక గడిలో స్లైడు కనబడుతుండగా రెండో గడిలో మార్చుకోవాలి. ఒక క్లబ్బు పాత సామాన్ల వేలంలో తూకానికి వచ్చింది. నేను గని ఎలక్ట్రికల్ షాపులో పని నేర్చినవాణ్ణి కాబట్టి విప్పడానికి భయపడలేదు. లోపల ఉన్నది చాలా తక్కువ. వెనక పుటాకార అద్దం, దాని ముందు బల్బు, ఆ తర్వాత రెండు కండెన్సరు కటకాలు, వాటి మధ్య వేడిని పీల్చే ఆకుపచ్చ ఛాయ గాజు పలక, స్లైడు నిలిచే గడి, చివర ముందుకూ వెనక్కూ జరిగే కటకం. అడుగున పంకా. ఇంతే. కండెన్సరు కటకాలకు ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు ఉంటుంది. తుడిచి తిరిగి పెట్టేటప్పుడు ఉబ్బులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. తిరగేస్తే తెర మధ్యలో వెలుతురు, మూలల్లో చీకటి. ఆకుపచ్చ పలక పగిలిందని తీసేసి నడిపేవాళ్లను చూశాను. అది లేకపోతే స్లైడు నిమిషంలో ఉడుకుతుంది.

సైనైడు దిబ్బల దుమ్ము అంటే పొడి చేసిన రాయి. అందులో ఎక్కువ భాగం స్ఫటికం, గాజుకంటె గట్టిది. వేసవి గాలికి అది ఊళ్లోకి వస్తుంది, తలుపులు మూసినా వస్తుంది. కటకం మీద దుమ్ము కనబడగానే పంచె కొంగుతో తుడిచామా, ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టే. మొదట రబ్బరు బుడ్డితో ఊదాలి, ఆ తర్వాత మెత్తని కుంచె, అప్పటికీ పోకపోతేనే గుడ్డ. ఇదే పొడి ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చేది సిలికోసిస్. మైసూరు ప్రభుత్వం 1940లో దానికోసం వేరే నిబంధనలే చేయాల్సి వచ్చింది. కటకాన్ని ఊదగలం.

రెండో శత్రువు తేమ. స్లైడు మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్, అంటే పశువుల ఎముకలు, తోళ్లనుంచి తీసిన జిగురు. బూజుకు అది విందు భోజనం. వానాకాలం మూసిన పెట్టెలో వదిలేస్తే సాలెగూడులాంటి దారాలు పాకుతాయి. బూజు పట్టిన జెలటిన్ నీళ్లలో కరిగిపోతుంది, అందుకని తడిగుడ్డ పెట్టామంటే బూజుతోపాటు మొహమూ పోతుంది. పొడిగా ఉంచడం తప్ప మందు లేదు. కొందరు జాగ్రత్త అనుకుని స్లైడును రెండు గాజుల మధ్య బిగించారు. దుమ్ము నుంచి కాపాడుతుంది నిజమే, కాని లోపల చిక్కిన తేమ బల్బు వేడికి తెర మీద బుడగలు బుడగలుగా కదులుతుంది. గాజూ ఫిల్మూ ఒరుసుకున్న చోట నెమలికన్నులాంటి రంగు వలయాలు కనబడతాయి. అవి న్యూటన్ వలయాలు. మొదటిసారి చూసినవాళ్లు అందంగా ఉందంటారు.

బల్బు సంగతి చెబితే ఒక పుస్తకం. నా యంత్రానికి వేసేది 500 వాట్ల పాతరకం బల్బు, ఇప్పుడు దొరకడమే గగనం. తర్వాతి యంత్రాలకు 24 వోల్టుల హాలోజన్ వచ్చింది. దాన్ని వట్టి వేళ్లతో ముట్టుకోకూడదు. చేతి చెమట అంటిన చోట గాజు తెల్లబారి పగులుతుంది. ఏ బల్బయినా వేడి మీద ఉండగా యంత్రాన్ని కదిపితే లోపలి తీగ తెగుతుంది. ఆట అయిపోగానే బల్బు ఆర్పి, పంకాను కొద్దిసేపు తిరగనివ్వాలి. పంకా గొంతు బొంగురుపోతే కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు, రెండో చుక్క కటకం మీదికి ఎగురుతుంది. మా పేటలో ఈ యంత్రం అర్థమైనది కుట్టుమిషన్లు బాగుచేసే ఆయనకు ఒక్కడికే. ఎల్.ఇ.డి. దీపం పెట్టెయ్యమని కుర్రవాళ్లు సలహా ఇస్తారు. వేడి తగ్గుతుంది. వెలుతురు వల్ల జరిగే నష్టం మాత్రం ఉండనే ఉంటుంది.

ఆ నష్టమే నన్ను కూర్చోనివ్వనిది. స్లైడు రంగులు రెండు రకాలుగా పోతాయి. కొన్ని ఫిల్ములు చీకట్లో పెట్టెలో ఉన్నా వెలిసిపోతాయి. చాలా పాత స్లైడ్లలో ఆకాశపు నీలం ముందు పోయి, లోకమంతా ఎర్రమన్ను పూసినట్టవుతుంది. కోడాక్రోమ్ అలా కాదు. చీకట్లో దశాబ్దాలు చెక్కుచెదరదు. కాని ప్రొజెక్టరు వెలుతురుకు అన్నిటికంటె త్వరగా లొంగేది అదే. రంగు ఫోటోల మన్నికను పరిశోధించిన హెన్రీ విల్‌హెల్మ్ 1993లో వేసిన పుస్తకంలో లెక్క కట్టాడు. మొత్తం మీద కోడాక్రోముకు ప్రొజెక్టరు వెలుతురులో గంట ఆయుష్షు, ఫ్యూజీక్రోముకు ఐదు గంటలు. ఆ పైన తేడా కంటికి తెలుస్తుందన్నమాట. గంట అంటే పది సెకండ్ల చొప్పున 360 సార్లు. పెట్టెలు నా దగ్గరకు రాకముందు ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. కోడాక్రోమ్ ఫిల్మును కడిగే ఆఖరి లాబరేటరీ అమెరికాలో 2010 డిసెంబరులో ఆ పనికి ఫిల్ములు తీసుకోవడం ఆపేసింది. కోడక్ స్లైడు ప్రొజెక్టర్ల తయారీ 2004లోనే ఆగింది. పోయిన రంగును మళ్లీ తెచ్చేవాడు లేడు.

స్కాన్ చేయించి కంప్యూటరులో దాచుకుంటే సరిపోదా అని అడుగుతారు. చేయించాను, చేయిస్తున్నాను. చూపించడానికి ఇప్పుడు వాడేది ఎక్కువగా ఆ నకళ్లనే. యంత్రం మీద మమకారం వేరు, అవసరం వేరు. కాని పద్నాలుగు పెట్టెలనూ ముందే స్కాన్ చేయించే స్తోమత నాకు లేదు. ఏది ముందు చేయించాలో తెలియాలంటే ఒకసారి గోడ మీద వేసి చూడాలి. చూడాల్సింది నేను కాదు, ఆ మనుషుల్ని ఎరిగినవాళ్లు. వాళ్లకు ఎనభై దాటాయి. ఫోనులో చూపిస్తే కంటిపొర అడ్డం. గోడ మీద ఆరడుగుల మనిషి నిలబడితే ఆనుతుంది. అందుకని మూడు నాలుగు నెలలకోసారి, చీకటి పడ్డాక, ఒక ఇంటి వరండాలో తెల్ల దుప్పటి కట్టి వేస్తాను. ఒక్కొక్క స్లైడుకు పది సెకండ్లు. నోట్లో లెక్క పెట్టుకుంటూ వేస్తాను.

ఒకసారి వైండింగ్ డ్రమ్ము వచ్చింది. దాని పక్కన మామూలుగానే ఒక మనిషి, ఎడమ చెయ్యి రెయిలింగు మీద. ఏడు లెక్కపెట్టాను. వెనకనుంచి వి.కోట వైపు ఆవిడ, మాకు వరసకు పెద్దమ్మ, లేచి నిలబడింది.

"ఆపు నాయనా. అది మా నాయన."

పక్కావిడ నమ్మలేదు. "నీకెట్లా తెలుసక్కా, మొగం సగం నీడలో ఉండాది కదా?"

"మొగం దేనికే? చెయ్యి చూడు. బొటనేలు లేదు. తాడులో పొయ్యింది. నేను పుట్టక మునుపు."

నిజమే. నాకు ఆ స్లైడు ఎన్నాళ్లుగానో తెలుసు, డ్రమ్ము కొలతతో సహా తెలుసు. ఆ చెయ్యి చూడలేదు. చేత్తో దుప్పటి దాకా నడిచింది పెద్దమ్మ. వెలుతురు ఆమె వీపు మీద పడి బొమ్మ సగం ఆమె చీర మీదికి వచ్చింది.

"ఇంకొంచెం సేపు ఉంచు నాయనా. పచ్చ చొక్కా అని మాయమ్మ చెప్తా ఉండె. పచ్చదే."

లెక్క ఇరవై దాటింది, ముప్పై దాటింది. వేడికి స్లైడు ఉబ్బి బొమ్మ మసకబారింది, కటకం కొద్దిగా వెనక్కు తిప్పి సరిచేశాను. అరవై. గంటలో అరవయ్యో వంతు ఆ పచ్చరంగు ఆయుష్షులో పోయింది. అది చూడాల్సిన మనిషి చూసింది. దాచిపెట్టి ఎవరికి చూపించను? తొంభై దగ్గర ఆర్పాను. ఆవిడ అడగలేదు, నేనే ఆర్పాను.

మర్నాడు మొదట స్కాన్‌కు పోయింది అదే. చిన్న బొమ్మ అచ్చు వేయించి ఆవిడకు ఇచ్చాను. చట్రం మీద, డ్రమ్ము కొలత రాసిన ఇంగ్లీషు వరస కింద, ఆయన పేరు, ఇంటిపేరు, పుట్టిన పల్లె తెలుగులో రాశాను. అడుగున రాశాను, సినిమా స్లైడు మీద తెలుగుకు ఇచ్చే చోటే. రాసింది పెన్సిలుతో. బాల్‌పాయింటు సిరా ఏళ్ల మీద అట్టలోకి ఊరి ఫిల్ముకు పాకుతుంది.

ఆ పద్నాలుగు పెట్టెల్లో ఇప్పటికి పేరు దొరికినవాళ్లు పందొమ్మిది మంది. వాళ్లలో తెలుగువాళ్లు ఎనిమిది, మిగతావాళ్లు అరవంవాళ్లు. అరవం పేర్లు అరవంలోనే రాయించాను. మూడు పెట్టెలు ఇంకా విప్పనే లేదు.

మీ ఇళ్లలో, హోసూరులోనో, బెంగళూరులోనో, ఇంకా దూరాన ఎక్కడో, మా గనులనుంచి వెళ్లిన పెద్దలు ఎవరైనా ఇలాంటి పెట్టె వదిలివెళ్లి ఉంటే, ముందు దాన్ని వంటింటి అటక మీదనుంచి దించండి. నీళ్లతో తుడవకండి, ఎండలో పెట్టకండి, రబ్బరు బ్యాండు చుట్టకండి. చట్రం మీద ఏ రాత ఉన్నా చెరపకండి, అది యంత్రం కొలతైనా సరే. కిటికీ వెలుతురుకు ఎదురుగా ఒక్కొక్కటి పట్టుకుని, ఇంట్లో అందరికంటె పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చేతులు కూడా చూడమనండి.